టవలు కింది లెక్క

మా అక్క జయంతి పోయిన పద్నాలుగో రోజున, బత్తలపల్లె దగ్గర ఆమె ఎక్కువ కాలం పనిచేసిన బళ్లో సంతాప సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో, దాని కింద 'ఆటలతో గణితం' అని పెద్ద అక్షరాలు. మాట్లాడిన ఆరుగురూ ఒకే మాట చెప్పారు. జయంతి మేడమ్ తరగతిలో ప్రతి బిడ్డా లేచి గంతులు వేసేదట. లెక్కను ఒంటితో చేసి చూపించేదట. కూర్చున్న బిడ్డను చూస్తే ఆమెకు తోచేది కాదట.

మైకు నా ముందుకు వచ్చింది. దండం పెట్టి కూర్చున్నాను. అది సభ కాబట్టి ఊరుకున్నాను. ఇది కాగితం, ఇక్కడ ఊరుకోను. ఆ ఆరుగురు చెప్పింది గంగాదేవి అనే పిల్ల ఆ తరగతికి రాకముందు సంగతి. ఆ పిల్ల వచ్చాక అక్క చేసిన పని గురించి ఒక్కరూ నోరు విప్పలేదు, ఎందుకంటే దానికి ఆమెకు దక్కింది శాలువా కాదు, మెమో.

మేము తనకల్లు పక్క ఊరివాళ్లం. నాయన ఎర్రప్ప బండలు కొట్టేవాడు. ఆయనకు టేపు ఉండేది కాదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఆయన మూర. ఆయన జతగాడు కొండప్ప పొట్టి మనిషి, అతని మూర ఇంకోటి. ఇద్దరూ ఒకే గోడకు పని చేసేటప్పుడు పొద్దున్నే ఒక పుల్ల విరిచి, దాన్ని ఇద్దరి చేతుల మీదా పెట్టి చూసుకుని, ఆ రోజుకు ఆ పుల్ల లెక్క అనుకునేవాళ్లు. నీ చెయ్యి తప్పు అని ఒకరినొకరు అనడం మేము వినలేదు. అక్క ఆ బండల కుప్పల మధ్యే కూడికలు నేర్చుకుంది, చేతుల్ని కొలకర్రలు చేసుకుని. అందుకే లెక్క ఒంట్లోంచి రావాలని ఆమెకు గట్టి నమ్మకం. నల్లబల్ల మీద లెక్క చెప్పడం ఆమెకు సరిపడేది కాదు.

బళ్లో చేరిన నెలకే ఆవరణలో సున్నంతో పొడుగ్గా ఒక గీత గీయించింది. జెండా దిమ్మె దగ్గర సున్నా. అక్కడి నుంచి గేటు దాకా ధన సంఖ్యలు, అటు వంటగది దాకా ఋణ సంఖ్యలు. కూడాలంటే గేటు వైపు తిరిగి నడవాలి, తీసివేయాలంటే వంటగది వైపు తిరగాలి. ఋణ సంఖ్య వస్తే వెనక్కి అడుగులు వేయాలి. పిల్లలు వేరుశనక్కాయలు తిన్నంత ఇష్టంగా ఆ గీత మీద గంతులు వేశారు. మైనస్ అంటే వణికే పిల్లలు, 'మేడమ్, నేను వంటగది దాకా పోయినా' అని చెప్పుకునేవాళ్లు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు వచ్చి చూశారు. పేపర్లో ఫోటో పడింది. సభలో ఫ్లెక్సీ మీద వేసింది ఆ ఫోటోనే.

అప్పుడు గంగాదేవి ఏడో తరగతిలోకి వచ్చింది.

వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. గంగాదేవి మోకాళ్లు చిన్నప్పుడే లోపలికి వంగిపోయాయి. నడిస్తే ఒళ్లంతా ఒక పక్కకు ఊగుతుంది. అక్క మొదటి రోజు అందరితో పాటు ఆ పిల్లనూ గీత మీదికి పిలిచింది. ఋణ నాలుగు దగ్గర నిలబడి ఏడు కూడమంది. గంగాదేవి మూడు అడుగులు వేసేసరికి ఆంజి అనే పిల్లవాడు వెనకాల అదే ఊపుతో నడిచి చూపించాడు. తరగతి నవ్వింది. పిల్ల అక్కడే ఆగిపోయింది. జవాబు మూడని ఆమెకు తెలుసు, కానీ అక్కడి దాకా పోలేదు.

అక్క ఆంజిని గట్టిగా మందలించింది. మర్నాడు గంగాదేవికి సుద్దముక్క, పలక ఇచ్చి, వరండా నీడలో కుర్చీ వేసి, నువ్వు అంపైరు, వాళ్ల జవాబులు నువ్వు రాయాలి అంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ పిల్లకు మంచి పని దొరికిందని నాతో సంబరంగా చెప్పింది. నేనూ మెచ్చుకున్నాను. ఇద్దరిదీ తప్పే.

వారం తిరక్కుండానే గంగాదేవి మొదటి పీరియడు అయ్యాక రావడం మొదలుపెట్టింది. లెక్కలు మొదటి పీరియడు. అక్క ఒకరోజు గేటు దగ్గర కాచుకుని పట్టుకుని, ఎందుకు ఆలస్యమని అడిగింది.

"నీడలో కూర్చోబెట్టినారు గదా మేడమ్. ఆడ కూర్చున్నా ఇంట్లో కూర్చున్నా ఒకటే."

ఆ మాట అక్క నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కొత్తగా దెబ్బ తిన్నట్టు చెప్పేది. పన్నెండేళ్ల పిల్ల తన మంచితనాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసిందనేది.

ఆ పిల్ల నాయన కుళ్లాయప్ప గొర్రెల దళారి. ఇంట్లో దొరికే మనిషి కాదు కాబట్టి అక్క సంత రోజునే పోయింది, నన్ను తోడు తీసుకుని. తెల్లారేసరికే సంత దుమ్ము లేచిపోయి ఉంది. కుళ్లాయప్ప ఒక కొనేవాడితో నిలబడి ఉన్నాడు. ఇద్దరి చేతులూ ఒకే టవలు కింద ఉన్నాయి. మా వైపు గొర్రెల బేరం నోటితో సాగదు. టవలు కప్పుకుని వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే ఐదు, మణికట్టు పట్టుకుంటే పది. చుట్టూ పదిమంది నిలబడినా ఆ ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. ముఖాలు మాత్రం వాన రాదనో ఎండ ముదిరిందనో మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి.

అక్క చూసింది అది కాదు. కుళ్లాయప్ప రెండో చెయ్యి వీపు వెనక ఉంది. వెనక దిమ్మె మీద గంగాదేవి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో ఇంకో టవలు. నాయన చెయ్యి ఆ టవలు కిందికి పోయి ఉంది. ముందు కొనేవాడు ఒక్కో గొర్రెకు ధర వేళ్లతో చెప్తున్నాడు. నాయన దాన్ని రెండో చేతి వేళ్లతో వెనక్కి అందిస్తున్నాడు. వెనక గంగాదేవి ఇరవై మూడు గొర్రెలకు మొత్తం ఎంతవుతుందో నాయన వేళ్ల మీద ఒత్తి చెప్తోంది. అంత తొందరగా హెచ్చవేత చేసేది నాయన కాదు, ఆ పిల్ల.

బేరం ముగిశాక అక్క అతని పక్కకు పోయి, మీ పాప లెక్కల్లో గట్టిదని నాకు ఇన్నాళ్లూ తెలియలేదని చెప్పింది. కుళ్లాయప్ప నవ్వలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఈ మాట ఈడ అనొద్దు మేడమ్ అన్నాడు. అక్క తల ఊపింది. కానీ ఆ మాట ఎందుకన్నాడో ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

సోమవారం ఆమె బడికి ఆరు టవళ్లు తీసుకుపోయింది.

గంగాదేవికి దొరకని గౌరవం ఇప్పుడు ఇవ్వాలనుకుంది. సంతలో గంగాదేవి ఏం చేస్తుందో తరగతికంతా చెప్పింది. ఈ రోజు మనమందరం గంగాదేవి పద్ధతిలో చేద్దామంది. పిల్లలను జతలుగా నిలబెట్టి టవళ్లు కప్పించింది. తరగతి ఊగిపోయింది, నవ్వులు, గిల్లుళ్లు. గంగాదేవి మాత్రం తన జత చెయ్యి పట్టుకోలేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని తల దించుకుంది. అక్క దాన్ని సిగ్గు అనుకుంది.

మర్నాడు కుళ్లాయప్ప బడికి వచ్చాడు. ఆ తరగతిలో ఇంకో దళారి కూతురు కృపాకుమారి ఉంది. ఆ పిల్ల ఇంటికి పోయి చెప్పింది, సంతకు తెలిసిపోయింది. ఇన్నేళ్లూ కుళ్లాయప్ప లెక్క తప్పడని పేరు. ఇప్పుడు, ఏమప్పా, పాపను తెచ్చుకున్నావా, లేకుంటే బేరం రేపు పెట్టుకుందామా అని నలుగురూ వేళాకోళం. అక్క వరండాలోకి వచ్చేసరికి అతని ముఖం నల్లబడి ఉంది.

"టవలు కింద మాట టవలు కిందే ఉండాల మేడమ్. మీరు తెచ్చి బజార్లో ఆరేసినారు."

 ఆ సాయంత్రమే అక్క వాళ్లింటికి పోయి, అతని భార్య చౌడమ్మ ముందర, పిల్ల ముందర, తప్పు నాదే అంది. కాళ్లు ఊగుతాయని ఒకసారి నీడలో దాచాను, చేతులు బాగున్నాయని ఇంకోసారి బయట పెట్టాను, రెండుసార్లూ మీ పాపను అడగలేదు అంది. చౌడమ్మ మంచినీళ్లు ఇచ్చింది.  కుళ్లాయప్ప ఒక షరతు పెట్టాడు.

"బడికి పంపిస్తా. ఇంగొకసారి ఆ పాప చేతులు నలుగురి ముందర చూపించమని ఎవురన్నా అన్నారంటే, పుస్తకాలు తెచ్చి మీ టేబుల్ మీద పెట్టిపోతా. గొర్రెల కాడ దానికి పని తక్కువేం లేదు."

అక్క మాట ఇచ్చింది. ఇక్కడి నుంచి చదివేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా ఈ మాట నిలబెట్టుకోవడం కోసమే. మాట తప్పితే గంగాదేవి చదువు ఆ రోజుతో ఆగిపోతుంది.

గీత చెరపలేదు అక్క. ఆంజి లాంటి వాళ్లకు గంతు వేయందే మైనస్ అర్థమయ్యేది కాదు. కానీ పిలవడం మానేసింది. లెక్క చెప్పి, మీకు ఎలా కావాలో అలా చేయండి అనేది. కృపాకుమారి కళ్లు మూసుకుని తల ఒక్కటే అటూ ఇటూ తిప్పేది. ఇద్దరు పిల్లలు పలక మీద రెండు వేళ్లను కాళ్లలా నడిపించేవాళ్లు. ఒకడు ఏమీ చేసేవాడు కాదు, కిటికీలోంచి గీత మీద గంతులేసే వాళ్లను చూసేవాడంతే. చూస్తేనే వాడికి వచ్చేది. గంగాదేవి ఒళ్లో సంచి పెట్టుకుని, చేతులు రెండూ అందులో దోపేది. ఆ సంచిలో ఏం జరుగుతుందో అక్క ఎన్నడూ తొంగి చూడలేదు. నువ్వు ఎక్కడ మొదలుపెట్టావు, ఎటు పోయావు, ఎక్కడ ఆగావు, అవి మాత్రమే అందరినీ అడిగేది. అంతకన్నా అడిగే హక్కు నాకు లేదనేది.

ఒకరోజు రెండులోంచి ఋణ మూడును తీసివేయాల్సి వచ్చింది. గీత మీద అందరూ తికమక పడ్డారు. వంటగది వైపు తిరగాలి, మళ్లీ వెనక్కి నడవాలి. ఆంజి రెండుసార్లు తిరిగి జెండా దిమ్మెకు గుద్దుకున్నాడు. గంగాదేవి కూర్చున్నచోటి నుంచే ఐదు అంది. ఎలా అని అక్క అడిగింది, చెప్పాలనుంటేనే చెప్పు అంది. పిల్ల కొంచెం ఆలోచించి చెప్పింది.

"కూడేది ఒత్తినట్ల మేడమ్, తీసేది లాగినట్ల. లాగిందాన్ని విడిచిపెడితే వేలు ముందుకే వస్తాది గదా."

అక్క ఆ రాత్రి భోజనం దగ్గర తన వేలు తాను లాగి విడిచిపెట్టి చూసుకుంటూ కూర్చుంది. పదిహేనేళ్లుగా చెప్తున్నాను, ఇంత బాగా నాకు తోచలేదంది. ఆ తర్వాత, పిల్ల ఒప్పుకున్నాక, టవలు వేళ్ల లెక్క కొంచెం నేర్చుకుంది. వచ్చి నాకు నేర్పింది.

ఆ ఏడాది చివర్లో ఒక శిక్షణ కార్యక్రమం తరఫున నాగేశ్వర అనే పరిశీలకుడు వచ్చాడు. అక్క గీత ఫోటో చూసి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు రాయడం తేలికయ్యేది. చేతిలో ఒక ఫారం ఉంది. ముప్ఫై ఒక్క మంది పేర్లు, ప్రతి పేరుకూ ఒక గడి: కదలికను చేసి చూపారు, అవును లేక కాదు. 'కాదు' అని పడినవాళ్లు నేర్చుకోనివాళ్ల జాబితాలోకి పోతారు. అందరూ ఒకే అడుగు, ఒకే చెయ్యి ఊపుతో గీత మీద నడవాలి, ఆయన ఫోనులో వీడియో తీసుకోవాలి.

అక్క ఇష్టమున్నవాళ్లను గీత మీదికి పంపింది. మిగతావాళ్లు కూర్చునే చేస్తారని చెప్పింది. నాగేశ్వర సార్ కూర్చున్నవాళ్లను చూసి, గంగాదేవి దగ్గర ఆగాడు. ఐదు లెక్కలు ఇచ్చాడు. పిల్ల ఐదూ చెప్పింది. కానీ సంచిలో చేతులు కదలడం ఆయన కంటపడింది. చీటీ ఉందనుకున్నాడు. చేతులు బయటికి తియ్యి, ఏం చేస్తున్నావో చూపించు అన్నాడు.

అక్క మధ్యలోకి వచ్చి నిలబడింది. చీటీ లేదు, కావాలంటే ఆ బిడ్డ చేతులు తీశాక సంచి చూసుకోండి అంది. చేతులతో ఏం చేస్తుందో మాత్రం చూపించదంది. ఎందుకని ఆయన. అది ఆ బిడ్డది కాబట్టి అని అక్క. చూపించకపోతే 'కాదు' అని రాయాల్సి వస్తుందని ఆయన మెల్లగానే చెప్పాడు. అంతలో బయట గీత మీదున్న ఆంజి కిటికీలోంచి అందుకున్నాడు.

"సార్, నేను గంతేస్తే మీకు వీడియో వస్తాది, గంగకు లెక్క వస్తాది. రెండూ ఉండాయి గదా సార్, ఇంగేం కావాల?"

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. గంగాదేవి అప్పుడు బల్ల పట్టుకుని లేచింది. నేను పోతా మేడమ్ గీత మీదికి, మీకు మాట రాకూడదు అంది. అక్క ఆ పిల్ల వైపు తిరిగింది.

"నీకు పోవాలనుంటే పో. నా కోసమైతే వద్దు."

గంగాదేవి ఒక్క నిమిషం నిలబడింది. మళ్లీ కూర్చుంది. చేతులు సంచిలో పెట్టుకుంది.

ఆ ఫారం అక్క సంతకం లేకుండా చెల్లదు. సంతకానికి ఇచ్చినప్పుడు ఆమె ఎర్ర పెన్ను తీసి, స్కేలు పెట్టి, 'చేసి చూపారు' అన్న వరసను పైనుంచి కింది దాకా కొట్టేసింది. పక్కన ముప్ఫై ఒక్క పేర్లకూ 'లెక్క వచ్చింది' అని రాసి, సంతకం పెట్టింది. ఆయన కొట్టివేత తీసేయమన్నాడు. ఆమె పెన్ను మూత పెట్టింది.

మెమో వచ్చింది. ఫారం పాడుచేశారని, పరిశీలనకు అడ్డుపడ్డారని. సంజాయిషీ ఇమ్మన్నారు. పెద్దగా రాయమని, క్షమించమని ఒక ముక్క చేర్చమని నేనే చెప్పాను. నేను పిరికివాణ్ని. ఆమె రెండు వాక్యాలు రాసింది: 'బిడ్డకు లెక్క వచ్చిందా అని అడగండి, చెప్తాను. ఎలా వచ్చిందో చూపించమని బలవంతం చేస్తే నేను ఒప్పుకోను.' ఆ తర్వాతి బదిలీల్లో ఆమెను కణేకల్ వైపు వేశారు. మెమోకూ దీనికీ సంబంధం లేదన్నారు. సరే లేదనుకుందాం. పోయిన మొదటి వారంలోనే ఆమె అక్కడా సున్నం తెప్పించింది. గీత పక్కనే చెట్టు నీడలో కూర్చునేవాళ్లకు ఒక చాప కూడా వేయించింది. ఈసారి ఎవరు ఎక్కడుండాలో వాళ్లే తేల్చుకున్నారు.

కుళ్లాయప్ప పుస్తకాలు తెచ్చి ఎవరి టేబుల్ మీదా పెట్టలేదు. కొత్తగా వచ్చిన లెక్కల సార్ మొదటి రోజే సంచి తీయమన్నాడట. గంగాదేవి లేచి, జయంతి మేడమ్ కొట్టేసిన ఫారం సంగతి చెప్పిందట. ఆయన మళ్లీ అడగలేదు.

అక్కకు జబ్బు గొంతులో వచ్చింది. ఆపరేషన్ తర్వాత మాట పోయింది. ఆసుపత్రిలో నర్సు రోజుకు నాలుగుసార్లు వచ్చి, నొప్పి పదికి ఎంతుందో వేళ్లతో చూపించమ్మా అని అడిగేది. అక్క చూపించేది కాదు. చెయ్యి దుప్పటి కిందికి లాక్కునేది. నన్ను కళ్లతో పిలిచేది. నేను దుప్పటి కింద చెయ్యి పెడితే నా వేళ్లు పట్టుకుని చెప్పేది. నేను నర్సుకు నోటితో చెప్పేవాణ్ని. ఇదేం పద్ధతి సార్ అని ఆ అమ్మాయి విసుక్కుంది. మా పద్ధతి ఇదేనమ్మా అన్నాను. జీవితంలో నేను గట్టిగా నిలబడింది ఆ ఒక్కసారేనేమో. చివరి రోజు ఆమె నా మణికట్టు పట్టుకుంది. మణికట్టు అంటే పది.

సంతాప సభ అయిన వారానికి పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం కుళ్లాయప్ప మా ఇంటికి వచ్చాడు. భుజం మీద టవలు ఉంది. చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి, గోడ మీద ఉన్న అక్క ఫోటో చూసి, సభకు వచ్చింటి గానీ గేటు కాడనే నిలబడుకొని పోతి అన్నాడు. ఆడ మాట్లాడినోళ్లు చెప్పిన మేడమ్ నాకు తెలవదు అన్నాడు.

గంగాదేవి లెక్కల్లో ఎంత తెచ్చుకుందని అడిగాను. అతను ఇటూ అటూ చూశాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అయినా భుజం మీది టవలు తీసి నా చేతి మీద కప్పాడు. కింద నా వేళ్లు పట్టుకున్నాడు. ముందు మణికట్టు, ఎన్నిసార్లో లెక్కపెట్టాను, తర్వాత వేళ్లు. ముఖం మాత్రం ఎండ గురించి మాట్లాడుతున్నట్టే ఉంది.

పాసయిందని చెప్తాను, ఇంటర్‌లో లెక్కలే తీసుకుందని చెప్తాను. ఎంత వచ్చిందో నాకు తెలుసు. ఆ ఆరుగురూ వచ్చి అడిగినా, ఫారం తెచ్చి ముందర పెట్టినా, ఆ అంకె చెప్పను.